దూడల కనుమలో కట్టిన కాడి

మదనపల్లె ఆస్పత్రిలో నేను తొమ్మిది దినాలు గుడ్డోణ్ణి.

కంప కొట్టేటప్పుడు ఎడమ కంట్లో ముల్లు గీసుకుని పుండైంది. మిషన్ ఆస్పత్రికి పోతే, ఒక కన్ను కదిలితే రెండోది గూడా కదులుతాదని చెప్పి రెండింటికీ గుడ్డ కట్టి పండుకోబెట్టినారు. కండ్లు మూసినోనికి పొద్దు తెలీదు. చర్చి గంట కొడితే తెల్లారిందనుకునేది. వరండాలో చెప్పుల చప్పుడు పలచబడితే మధ్యాన్నం. కిటికీ అవతల చెట్టు ఆకులు కదిలితే సాయంత్రం గాలి. మూడో తరగతిలో ఇస్కూలు మానేసినప్పటినుంచి నాకు ఆవులతోనే పొద్దుపోయింది. వాటికి మాటలతో పనిలేదు. అందుకని నాకూ మాటలు తక్కువే.

పక్క మంచంలో జ్ఞానశేఖర్ సారు. కుప్పంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చక్కెర జబ్బుతో కాలికి పుండు. ఆయప్పకేమో మాట్లాడకపోతే నిద్ర రాదు. మొదటి దినం నా పేరడిగినాడు. మారప్ప అన్నాను. ఊరడిగినాడు. పుంగనూరు పక్క గువ్వలపల్లె అన్నాను. ఏం పని చేస్తావన్నాడు. ఆవుల్ని మేపుతాను, కాడిమాన్లు చేస్తానన్నాను. అంతే ఆ దినానికి.

రెండో దినం పొద్దున్నే ఆయప్ప తనలో తాను నవ్వుకుంటా ఉండాడు. ముప్పై ఏండ్లు పిల్లోళ్ళకి కాడి గురించి ఒక కథ చెప్పినాడంట, కాడి చేసే మనిషిని మాత్రం ఇప్పుడే కలిసినాడంట. ఆ కథ నీకు బాకీ మారప్పా అన్నాడు.

మిగిలిన ఎనిమిది దినాలూ చెప్పినాడు. నర్సమ్మ వస్తే ఆపేది, పోతే ఎత్తుకునేది. నా కండ్ల మీద గుడ్డ. గుడ్డ లోపల ఆ కథంతా నడిచింది.

రెండువేల మూడొందల ఏండ్ల కింద మాట. రోము అని ఒక ఊరు. మైదానంలో ఉండాది. ఆ ఊరోళ్ళు ఒక్కో పక్కా ఆక్రమించుకుంటా పెద్దోళ్ళయితా వస్తాండారు. వాళ్ళకి ఎగువన కొండల్లో సామ్నైట్లు అనేవాళ్ళు ఉండారు. గొడ్లు, గొర్రెలు మేపుకునేవాళ్ళు. వాళ్ళ తాతల కాలంలో ఒక ఎద్దు ముందు నడిస్తే దాని ఎనక పోయి, అది యాడ పండుకుంటే ఆడ ఊరు కట్టుకున్నారంట. ఆ మాట వినంగానే నాకు వాళ్ళు మావాళ్ళు అనిపించింది. ఆ ఎద్దు నాకు కనపడింది గూడా. తెల్లగా, నడుమెత్తు, పొట్టి కొమ్ములు. పుంగనూరు ఎద్దే. రోములో ఆ జాతి ఉండాదో లేదో నాకు తెల్దు. నా గుడ్డ లోపల మాత్రం అదే.

రోమోళ్ళకీ వీళ్ళకీ యుద్ధం. ఏండ్ల తరబడి. ఒకతూరి సామ్నైట్ల నాయకుడు, పొంతియసు అని, ఒక ఉపాయం చేసినాడు. తన సైనికుల్ని పదిమందిని గొర్లకాపర్ల మాదిరి వేషం కట్టించి, మీకు తోడుండే ఫలానా ఊరిని మావాళ్ళు ముట్టడించినారు, అందురూ ఆడికే పోయినారు అని రోమోళ్ళకి చెప్పించినాడు. రోమోళ్ళు నమ్మి, అడ్డదోవన, ఒక ఇరుకు కనుమలో నుంచి బయల్దేరినారు. అంత సైన్యం కనుమలోకి దిగింది. అవతలి కొనకి పోతే మాన్లు నరికి, బండలు దొర్లించి దారి మూసేసుండారు. ఎనక్కి తిరిగితే వచ్చిన దారీ మూసేసుండారు. పైన కొండమీదంతా మనుషులు.

ఆ సైన్యం దుమ్ము నా కండ్లలో పడినట్టుండేది. కనుమ అంటే నాకు తెలిసింది ఒకటే, మా ఊరికీ సింతమాకులపల్లెకీ నడుమ ఉండే దూడల కనుమ. కాబట్టి రోమోళ్ళు మా దూడల కనుమలోనే చిక్కుకున్నారు. ఇనుప టోపీలు పెట్టుకోని, మా చెలమ దగ్గిర కూర్చోని, దోసిళ్ళతో నీళ్ళు తాగినారు.

చిక్కినోళ్ళని ఏం చేయల్లో పొంతియసుకి తెలీలేదు. వాళ్ళ నాయనకి కబురు పంపినాడు. ఆయప్ప బాగా ముసిలాయన. పేరు సారు చెప్పినాడు గానీ నా నోట్లో నిలవలేదు. బండి ముసిలాయన అనుకున్నాను. ఏమిరా అంటే, ముందు మనిషిని పంపి అడిగితే ఆయప్ప, అందర్నీ ఏమీ అనకుండా ఇడిచిపెట్టమన్నాడు. కొడుక్కి నచ్చలేదు. మళ్ళీ మనిషిని పంపినాడు. ఈతూరి, అయితే అందర్నీ చంపేయమన్నాడు. ముసిలోనికి మతి పోయిందేమోనని బండి కట్టించి పిలిపించుకున్నారు. ఎద్దులబండిలో కదులుకుంటా వచ్చి ఆయప్ప చెప్పింది ఒకటే. ఇడిచిపెడితే మిత్రులయితారు, చంపేస్తే శత్రువులు ఉండరు, నడిమి దారి మాత్రం లేదు అన్నాడు.

కొడుకు నడిమి దారే పట్టినాడు. రెండు ఈటెలు భూమిలో నాటి, పైన ఒక ఈటె అడ్డంగా కట్టి, కాడి అన్నాడు. రోమోళ్ళందర్నీ ఆయుధాలు తీసి, గుడ్డలు తీసి, ఒంటిగుడ్డతో ఆ కాడి కింద వొంగి పోనిచ్చినాడు. పెద్దోళ్ళు ముందు, సైనికులు ఎనక. పక్కన నిలబడి చూసేవాళ్ళు నవ్వినారు.

కథ ఆ కాడి దగ్గిరుండంగానే నా గుడ్డ ఇప్పినారు. కిటికీలోంచి వెలుతురు వచ్చి పాలు పొంగినట్టు పొంగింది. ఆ పొద్దే ఇంటికి పంపించేసినారు. తర్వాత ఏమైందో నేను అడగలేదు, సారు చెప్పలేదు. నిద్దర్లో ఉండేవాణ్ణి లేపి పంపినట్టు బస్సెక్కినాను.

*

మా ఊరి పాల సెంటర్ దగ్గిర సాయంత్రం అందురూ క్యాన్లు పెట్టుకోని నిలబడతారు. పాలు టెస్ట్ చేసి చీటీ ఇచ్చేదాకా పనేముంది, మాటలే. నేను ఎప్పుడూ ఒక పక్క గమ్మున కూర్చునేవాణ్ణి. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో దినం ఎవురో కన్నెట్టుండాదని అడిగితే, నాకే తెలీకుండా కథ మొదలుపెట్టినాను.

నేను మాట్లాడేది వినడమే వింత వాళ్ళకి. క్యాన్లు కింద పెట్టేసినారు. మా కొడుకు మునిచంద్ర బైక్ ఆపి, దిగకుండానే విన్నాడు. మారునాడు దిగి విన్నాడు. మూడోనాడు వానికంటే ముందు జనం వచ్చినారు. కాపర్ల వేషం కాడ నవ్వినారు. కనుమ మూసే కాడ ఊపిరి బిగబట్టినారు. కాడి కాడికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మరిచిపోయింది. కాడి నా పని గదా. ఎంత ఎత్తున కట్టుంటారు, మనిషి నడుము కంటే కిందనా మీదనా, ఏ ముడి వేసుంటారు, అడ్డంగా కట్టిన మాను జారకుండా ఎట్ట నిలబెట్టుంటారు, అన్నీ చెప్పినాను. సారు చెప్పనివి గూడా చెప్పినాను. బండి ముసిలాయన మాటల్ని మాత్రం రెండు ముక్కల్లో దాటేసినాను.

తర్వాతేమైంది మామా అని మునిచంద్ర జతగాడు అంజి అడిగినాడు. తెల్దన్నాను. కాడి పడినాక ఎద్దు ఏం చేస్తాది, లొంగుతాది అనుకున్నాను. తప్పు ఆడ జరిగింది.

మా కొట్లాట సంగతి చెప్పవల్ల. మా గువ్వలపల్లె కొండకి ఈ పక్క. సింతమాకులపల్లె ఆ పక్క. నడుమ దూడల కనుమ, కనుమలో ఎండాకాలంలో గూడా ఎండని చెలమ. ముందు రెండూర్ల పసరాలూ ఆడే తాగేవి. పోయిన ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు ఆ ఊరోళ్ళు మావాటిని కట్టెలతో తరిమినారు. ఆ తోపులాటలో మా గౌరి బండల్లో పడి కాలిరిగింది. మునిచంద్ర పెంచిన ఆవు అది. వాడు దాని పక్కన మూడు దినాలు కూర్చున్నాడు. అది పోయినాక వాడు ఆ ఊరి పేరెత్తలేదు. సింతమాకులపల్లెలోనే వాళ్ళ అత్త ఉండాది, నా చెల్లెలు ఆదెమ్మ. ఏడాదిగా ఆ గడప గూడా తొక్కలేదు.

ఆదెమ్మ ఒక్కతే నాకు తోడబుట్టింది. దాని కొడుకు వెంకటేష్. వాళ్ళాయన నల్లప్ప బావ బతికుండంగా, ఆయప్పకి ఒక ఎద్దు, నాకొక ఎద్దు. జత లేకుంటే మడక కట్టి దున్నలేం. అందుకని రెండిండ్లకీ పొత్తు కాడి. ఒక దినం వాళ్ళ చేన్లో, ఒక దినం మా చేన్లో. ఆ కాడిని నేనే చేసినాను. ఎడమపక్క మా ఎద్దు, కుడిపక్క వాళ్ళది. రెండిట్లో వాళ్ళది కొంచెం పొట్టిది. అందుకని కుడిపక్క మెడ ఆనే చోట చెక్క మందంగా ఉంచి కిందికి దింపినాను. ఇప్పుడు ఎవురికీ మడకలు లేవు, ట్రాక్టర్లే. పుంగనూరు ఆవుల్ని పట్నమోళ్ళు ముచ్చటకి కొనుక్కోని పోతాండారు. కాడిమాన్లు హోటళ్ళలో గోడకి తగిలించుకోడానికి అడుగుతారు. ఆ పొత్తు కాడిని మాత్రం ఎవురికీ ఇయ్యలేదు. మా వసారాలో దూలానికి ఉండేది.

*

ఎండలు ముదిరినాక సారు ఫోన్ చేసినాడు. కాలు మానింది, ఒకసారి కుప్పం వచ్చిపో మారప్పా అన్నాడు. సోమవారం కోడికూతకి లేచి పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి, కుప్పం పోయినాను. ఇంట్లోనుంచి బయల్దేరేటప్పుడే వసారాలో దూలానికి కాడి లేదు. బస్సుకి పొద్దయితాందని, ఎవురో దులపడానికి దించుంటారనుకున్నాను.

సారు కూతురు ఎలిజబెత్ తలుపు తీసింది. చెప్పులిప్పి లోపలికి పోతానే నేను కూర్చోకుండా అడిగినాను.

"కాడి కింద పోయినాక ఏమైంది సారూ?"

ఆయప్ప కుర్చీ చూపించినాడు. రెండు నెలలుగా ఇదే తల్లో పెట్టుకోని ఉండావా అన్నాడు. కాఫీ వచ్చేదాకా ఆగి చెప్పినాడు.

రోమోళ్ళు ఇండ్లకి పోయినారు. పగలు ఊర్లోకి రాలేక చీకటి పడినాక దొంగల్లాగా పోయినారు. తలుపులేసుకోని కూర్చున్నారు. ఎవురితోనూ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోడాన్ని చూసినోళ్ళు, అణిగిపోయినారులే అనుకున్నారు. దోవలో ఇంకొక ఊరి ముసిలాయన, బండాయన కాదు, అది అణగడం కాదు, ఆ మౌనానికి తొందర్లోనే సామ్నైట్లు ఏడ్చేదుంటాది అన్నాడంట. అట్టే అయింది. కనుమలో ప్రాణాలకి చేసుకున్న ఒప్పందం చెల్లదన్నారు రోమోళ్ళు. మళ్ళీ వచ్చినారు. ఇంకొక ఊరి దగ్గిర సామ్నైట్లనే వేలమందిని పట్టుకోని అదే కాడి కింద తోలినారు. పొంతియసును గూడా. అట్టనే రాసిపెట్టినారు, నిజమెంతో దేవుడికెరుక అన్నాడు సారు. ఆ యుద్ధాలు ఇంకా ఏండ్లకేండ్లు సాగినాయంట. కడాకి కొండల్లో ఎద్దు పండుకున్న చోటు గూడా వాళ్ళది కాకుండా పోయిందంట.

"బండి ముసిలాయన?" అన్నాను.

"ఆయప్ప చెప్పేది చెప్పినాడు. కొడుకు వినలేదు. బండెక్కి ఇంటికి పోయినాడు."

"అంతేనా?"

"అంతే. పుస్తకంలో ఆయప్ప గురించి ఇంక లేదు."

నాకు ఆ ముసిలాయన మీద కోపమొచ్చింది. రెండు ముక్కలు చెప్పి బండెక్కినాడు. నా మాదిరి మనిషే. చెప్పేసినాం గదా, ఇంక మాకేముంది అనుకునే మనిషి.

అప్పుడు ఫోన్ మోగింది. ఆదెమ్మ. దాని గొంతు ఎప్పుడూ పెద్దగా ఉంటాది, ఆ పొద్దు చిన్నదైంది.

"అన్నా, మీవోళ్ళు మావోళ్ళని కనుమలో పెట్టి మూసినారు. వెంకటేష్ ఆడుండాడు. అందర్నీ చొక్కాలిప్పి కాడి కింద దూరమంటాండారంట. వీడియో తీసి ఊరూరికీ పంపుతారంట. నువ్వు చెప్పినావంట అట్ట చేయమని."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టినాను. అది మళ్ళీ అంది.

"నువ్వు చెప్పుంటే చెప్పు. నేను నా కొడుక్కి చెప్పుకుంటాను, ఇంక మనకు ఆ ఊర్లో ఎవురూ లేరని."

*

పలమనేరు దాకా బస్సు, ఆడినుంచి ఇంకొక బస్సు. కిటికీ పక్క మామిడితోపులు పోతాండాయి. ఒక కంటికి బాగా, ఒక కంటికి మసగ్గా. మసక పక్క రోమోళ్ళు నడస్తా ఉండారు. తలలు దించుకోని, చొక్కాల్లేకుండా, బస్సుతో సమానంగా. ఒక్కడు తలెత్తి నా పక్క చూసినాడు. వెంకటేష్ మొగం. నేను కన్ను తుడుచుకున్నాను. తోపులు, టెంకాయ బోండాల బండి, గేదెలు.

జరిగింది బస్సులోనే అంజి ఫోన్‌లో చెప్పినాడు. సంతోషంగా చెప్పినాడు. పోయిన వారం పుంగనూరు సంతలో వాడే ఆ ఊరోళ్ళతో కలిసి టీ తాగి, సోమవారం మా ఊరంతా జాతరకి పోతాంది, కనుమ పక్క ఒక్కడూ ఉండడు అని చెప్పొచ్చినాడంట. వాళ్ళ పక్క కుంటలెండినాయి. నమ్మి పొద్దున్నే యాభై పసరాలతో చెలమకి దిగినారు, పదకొండుమంది. మావాళ్ళు రెండు కొనలా కంప కొట్టి, బండలేసి మూసేసినారు. కాపర్ల వేషం నేనే వేసినాను మామా అన్నాడు అంజి. నేను ఫోన్ పెట్టేసినాను.

పుంగనూరు బస్టాండులో మా ఊరి జగదీష్ ఆటో కాసుకోని ఉండాది. మునిచంద్ర పంపినాడంట, మా నాయన వచ్చేదాకా ఏమీ చేయం, పిల్చుకోని రా అని. ఎక్కి కూర్చున్నాను. గుంతల్లో ఆటో కదులుకుంటా పోతాంటే, ఇది ఆ బండే గదా అనుకున్నాను. ఆ కొడుకూ ఇట్టనే పంపినాడు.

దూడల కనుమ మొగదల పొద్దు ఇంకా రెండు బారలుండాది. బండల మీద మావాళ్ళు ముప్పైమంది. కంపకి నడుమ ఒక సందు వదిలి, ఆ సందులో రెండు గుంజలు నాటి, పైన అడ్డంగా కట్టుండారు. ఈటె కాదు. మా వసారా దూలం మీది పొత్తు కాడి. నడుమెత్తున. నేను పాల సెంటర్ దగ్గిర చెప్పిన ముడితోనే.

మునిచంద్ర ఎదురొచ్చినాడు. మొగం కాలిపోయుండాది, పొద్దున్నుంచి ఎండలో ఉండాడు.

"నాయనా, నువ్వు చెప్పినట్టే కట్టినాం. సరిగ్గా ఉండాదా సూడు."

నేను సందులోనుంచి అవతలికి చూసినాను. చెలమ చుట్టూ పసరాలు గుంపుకట్టుండాయి. దూడలు తల్లుల కింద. వాటి ముందు పదకొండుమంది నేలమీద కూర్చోనుండారు. వెంకటేష్ నన్ను చూసి మొగం తిప్పుకున్నాడు.

"కంప తీసేయ్" అన్నాను. "గొడ్లకి కడుపునిండా తాపి ఇండ్లకి పోనీ."

"ఊరికేనా?"

"ఊరికే."

వెనక ఎవురో నవ్వినారు. మునిచంద్ర నవ్వలేదు.

"గౌరి కాలిరగ్గొట్టిన కట్టె ఇంకా ఆ బండల్లోనే ఉండాది నాయనా. ఊరికే ఎట్ట పోనిస్తా? అది చెప్పేటందుకా ఇంతదూరం వచ్చినావు?"

"అయితే రెండోది చెయ్. గొడ్లని బందెలదొడ్డికి తోలు. మనుషుల్ని స్టేషన్లో అప్పజెప్పు. మీ అత్త ఈ పొద్దుతో సచ్చిపోయిందనుకో. దానికి కర్మకాండ గూడా చేసేయ్. మళ్ళీ ఆ ఊరి మొగం చూడద్దు."

వాడు కాలితో ఒక రాయిని కదిలించినాడు. వాడు చిన్నప్పుడు వాళ్ళమ్మకి జబ్బు చేసినప్పుడు ఒక ఏడాది ఆదెమ్మ ఇంట్లో సంగటి తిని పెరిగినాడు. అది నేను చెప్పలేదు. వానికి తెలుసు.

"నడిమిది ఉండాది గదా" అన్నాడు. "ఎవురికీ దెబ్బ తగల్దు. ఒక్కసారి వొంగి పోతారు. ఆ తర్వాత ఈ పక్క రారు."

"ఆ కథ కడాకి ఏమైందో నాకు ఈ పొద్దే తెలిసింది. వాళ్ళు మళ్ళీ వచ్చినారు. కట్టినోళ్ళనే ఆ కాడి కింద తోలినారు."

"అది వాళ్ళ కథ నాయనా."

అంతే. నా మాటలైపోయినాయి. ఇంకొక మనిషయితే గంటసేపు చెప్పుండును. నాకు రాదు. అందురూ ఫోన్లు తీసి పట్టుకున్నారు. జగదీష్ ఆటో స్టార్ట్ చేసుకోని, ఎండగా ఉండాది, ఇంటి దగ్గిర దింపుతాను రా తాతా అన్నాడు. ఆటో గుడగుడమంటాంది. ఎక్కితే పని అయిపోతాది. పుస్తకంలో నా గురించి ఇంక ఉండదు.

నేను కాడి దగ్గిరికి పోయి చెయ్యి పెట్టినాను. కుడిపక్క నల్లప్ప బావ ఎద్దు మెడ రాసుకోని నున్నగా అరిగినచోటు ఇంకా అట్టే ఉండాది. కాడి చేసేవాళ్ళలో ఒక పద్ధతి ఉండాది. మా నాయన నాకు చెప్పినాడు. కొత్త కాడిని ఎద్దు మెడ మీద పెట్టేముందు చేసినోడు తన మెడ మీద పెట్టుకోవల్ల. బాడిసతో చెక్కిన పెచ్చు యాడన్నా లేచుంటే ఎద్దు చెప్పలేదు గదా. ఎన్నాళ్ళో దూలం మీద ఉండి దించితే గూడా అంతే, మళ్ళీ చేసినోని మెడే ముందు. ఇన్నేండ్లలో నేను ఒక్క కాడికీ తప్పలేదు.

చొక్కా ఇప్పి ఒక కంప మీద ఏసినాను. ఏం చేస్తాడోనని అందురూ చూస్తాండారు. నాకు నడుము వొంగదు. మోకాళ్ళమీద చేతులు పెట్టుకోని, తల దించి, కాడి కింద దూరినాను. మెడ వెనక మాను తగిలింది. చల్లగా ఉండాది. పెచ్చు లేదు. దుమ్ము, పేడ, నీళ్ళ వాసన. నిలబడేసరికి నేను అవతలి పక్క ఉండాను.

మసక కన్ను ముందర తెల్లటి ఆవులు కదులుతాండాయి. ఒక చెయ్యి వచ్చి నా రెట్ట పట్టుకుంది. వెంకటేష్.

"నీకెందుకు మామా" అన్నాడు మెల్లిగా.

వాణ్ణి పట్టుకోని తిరిగి నిలబడినాను. ఇప్పుడు కాడి నాకు ముందర, దానికవతల మా ఊరు, నా కొడుకు.

"మునీ, ఇప్పుడు పన్నెండుమంది. నేనూ ఇంటికి రావల్లంటే దీని కిందనుంచే రావల్ల. ముందు నన్నే పిలువు. ఫోన్ ఎత్తి పట్టుకో."

వాడు ఫోన్ పట్టుకోనే ఉండాడు. చెయ్యి మాత్రం కిందికి దిగింది. వాని చుట్టూ ఉండేవాళ్ళు ఒకరొకరుగా నేల చూసినారు. ఒక దూడ తల్లి కింద నుంచి బయటికొచ్చి, కాడి కింద నిక్కి నిలబడి, వొంగకుండానే దాటి పోయింది. దానికి ఆ ఎత్తు చాలు. అవతల అంజి దాన్ని పట్టుకోడానికి చెయ్యి చాపి, మళ్ళీ ఊరుకున్నాడు.

ఎంతసేపు నిలబడినామో తెల్దు. పొద్దు ఒక బార దిగింది. మునిచంద్ర ముందుకొచ్చినాడు. నా మొగం చూడలేదు. ఎడమ గుంజకి ఉండే ముడి కొన పట్టుకోని ఒక్క లాగు లాగినాడు. ఆ ముడి అట్టాంటిది, బిగిస్తే ఎద్దు గుంజినా రాదు, కొన లాగితే ఇడిపోతాది. చిన్నప్పుడు వానికి నేనే నేర్పినాను. కాడి ఒక పక్క కింద పడింది. రెండో పక్క ఇప్పలేదు. వెనక్కి తిరిగి బండలు దాటి ఇంటి పక్క పోయినాడు. వాని ఎనక ఒక్కరొక్కరూ పోయినారు. అంజి దూడని మా పక్కకి తోలి, వాళ్ళ ఎనకే పోయినాడు.

వెంకటేష్‌వాళ్ళు అవతలి కొన కంప తీసి పసరాల్ని తోలుకోని పోయినారు, నేనూ వాళ్ళతోనే. ఎవురూ మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోడం చూసి నాకు భయమేసింది. సారు చెప్పిన మౌనం అదేనా, వేరేదా అని దారిపొడుగునా వింటా నడిచినాను. వాళ్ళ ఊరి మొగదల ఒకాయన తన తువ్వాలు తీసి నా భుజం మీద కప్పినాడు. చొక్కా కంప మీదే మరిచిపోయి వచ్చినాను.

*

ఆదెమ్మ వాకిట్లో నిలబడుండాది. కొడుకుని చూసింది, నన్ను చూసింది. అడగాల్సింది చానా ఉండాది దానికి. లోపలికి పోయి సంగటి, ఊరిబిండి పెట్టుకోనొచ్చి నా ముందర పెట్టింది. నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు చెప్పినావా, లేదా?" అంది కడాకి.

"కథ చెప్పినాను. సగమే చెప్పినాను."

"మిగిలింది?"

"ఈ పొద్దు చెప్పినాను."

అది నా గిన్నె తీసుకుంది. ఇంకొక ముద్ద తెచ్చి పెట్టింది.

నాలుగు దినాలు ఆడే ఉండాను. మా ఇంటినుంచి ఫోన్ లేదు. ఆ ఊరోళ్ళు కొందరు నన్ను చూసి పలకరించినారు, కొందరు చూడనట్టు పోయినారు. అరుగుమీద కూర్చోని కొండ పక్క చూస్తా ఉంటే ఎడమ కంటికి మంట ఎక్కువైంది. డ్రాప్స్ ఇంట్లో ఉండిపోయినాయి. దినానికి మూడుసార్లు వేయవల్ల. నేను ఎవురికీ చెప్పలేదు. చెల్లెల్ని గెల్చుకోని కొడుకుని పోగొట్టుకున్నానేమో అనేది గూడా చెప్పలేదు.

అయిదోనాడు పసరాలు మేతకి పోయేవేళ కనుమ పక్కనుంచి ఒక మనిషి నడిచొస్తాండాడు. బైక్ లేదు, కనుమలో బైక్ రాదు. మసక కంటికి ముందు ఎవురో సైనికుడనుకున్నాను. తలొంచుకోని వస్తాండాడు. దగ్గిరికి వచ్చేసరికి మునిచంద్ర. చేతిలో నా చొక్కా మడత, దాని జేబులో డ్రాప్స్ సీసా.

అరుగు దగ్గిర ఆగినాడు. ఆదెమ్మ బయటికొచ్చి వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏడాదికి దోవ తెలిసిందా?" అంది. "కాళ్ళు కడుక్కో."

వాడు కడుక్కున్నాడు. అది ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగినాడు. వెంకటేష్ దొడ్లో గడ్డి ఏస్తా ఉండి, వీని పక్క చూసి, మళ్ళీ గడ్డి ఏసినాడు. గడ్డి అయిపోయినాక ఇంకొక మోపు దింపుకున్నాడు. దొడ్లోనుంచి పోలేదు. అంతవరకూ చాలు ఆ పొద్దుకి అనుకున్నాను.

మునిచంద్ర నా పక్కన కూర్చోని సీసా మూత తీసినాడు. తల వెనక్కి పెట్టుకో నాయనా అన్నాడు. బొటనవేలితో నా రెప్ప పైకెత్తినాడు. ఒక చుక్క పడింది.

లోకమంతా కరిగి తెల్లగా అయిపోయింది. ఆ తెలుపులో కనుమ కనిపించింది, ఒక పక్క ఇప్పిన కాడి, చెలమ దగ్గిర ఇనుప టోపీలు తీసి పక్కన పెట్టుకోని నీళ్ళు తాగతాండే మనుషులు. వాళ్ళ నడుమ ఒక ఎద్దులబండి ఆగుండాది. బండిలో ముసిలాయన దిగల్నా వద్దా అని ఒక కాలు కిందికి పెట్టి ఉండాడు.

"మూసుకో నాయనా, మందు కారిపోతాది" అన్నాడు కొడుకు.

మూసుకున్నాను. ఆ ముసిలాయన రెండో కాలు గూడా నేలమీద పెట్టినాడు.